శనివారం గోలి

ఖానాపూర్‌లో బస్సు తప్పినప్పుడల్లా నేను పోశవ్వ అరుగు మీదనే కూసుంటా. నలభై ఏండ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుంటే మాపటిదాకా గడప దాటదు. బీడీ చుట్టే తునికాకు అడవిలో చూసినంత ఎండ కూడా ఆమె చూసి ఉండదు.

నిరుడు బొక్కలల్ల నొప్పులు మొదలైనై. కూసుంటే లేవరాలే. రక్తపరీక్షలో డి విటమిన్ తొమ్మిదే, ఇరవై అన్నా ఉండాలె. దుబాయిలున్న కొడుకు పరశురాములు ఫోన్ చేసిండు.

"అవ్వా, గా బీడీ కంపెనీ కార్డు వాపసిచ్చెయ్. లేవనే లేస్తలేవు, ఇంకేం చుడుతవ్?"

"మీ బాపు పోయినంక నిన్ను సాదింది గీ కార్డే. ఎవ్వల చెయ్యి పట్టకుంట లేశి చూపిస్త, అప్పటిదాక నోరు ముయ్యి!"

డాక్టరు వారానికొక గోలి రాసిండు. మరిచిపోవద్దని శనివారానికి ముడిపెట్టుకున్నది, అంటే ధర్మపురి నరసింహస్వామికి ఒక్కపొద్దు ఉపవాసముండే రోజు. పరిగడుపున నీళ్ళతో మింగేది. పైగా ఫోన్లో ఏదో చూసి కొడుకు నూనె బంద్ చేయించిండు. ఆ ఒక్క మాట ఎందుకు విన్నదో! ప్రతిదానికీ కాదంటే బాగుండదనుకున్నదేమో.

మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేస్తే పది. ఆరోగ్యకేంద్రం నర్సు ఆరాధన చీటీ తిప్పి తిప్పి చూసింది.

"గోలి ఏ రోజు మింగుతవ్, ఆ రోజు ఏం తింటవ్ అవ్వా?"

"శనివారం, ఒక్కపొద్దునాడు. మాపటిదాక మంచినీళ్ళు. మాపటికి చప్పటి రొట్టె."

"అయ్యో! గా గోలి నీళ్ళల్ల కరగదు, నూనెల కరుగుతది. కొవ్వు తోడు లేకుంటే పేగులు సరిగ్గ పట్టుకోవు. ఒక్కపొద్దు ఇడిసిపెట్టు."

"ఇడువ. నువ్వు ఆదివారం చర్చి ఇడుస్తవా బిడ్డా?"

ఆరాధన నవ్వింది. "నేను సుత ఇడువ. అయితే గోలినే ఆదివారానికి జరుపు. పల్లినూనె పోపేసిన పప్పుతోని తిని మింగు."

డి ఒక్కటే కాదు, ఏ, ఇ, కె కూడా అదే తీరు. కొవ్వు వెంట తప్ప ఒంట్లోకి రావు. నూనె తగ్గించుడు వేరు, అసలే మానుడు వేరు. ఆకుకూర మీద పల్లిపొడి చల్లిన ముసలమ్మలకు ఈ సంగతి ఎవరు చెప్పిండ్రో! సరే, దారి తప్పుతున్న.

ఆదివారం పోపు చిటపటలు ఫోన్లో దుబాయిదాకా వినబడ్డయి.

"నూనె వద్దన్న గదనే అవ్వా!"

"నీ ఫోన్ల డాక్టరును నా చాట ముంగట కూసోమను, ఎన్ని బీడీలు చుడుతడో చూస్త!"

నాలుగు నెలలకు డి ఇరవై ఆరు. ఆ రోజు నేనక్కడే ఉన్న. ఫోన్‌ను గోడకానించి, కొడుకు చూస్తుండగా, పోశవ్వ రెండు అరచేతులు నేలకు ఊతంగా పెట్టింది. ఇంట్లనే ఉండే కోడలు ఆసరాకు చెయ్యి చాపితే పక్కకు నెట్టింది. లేచింది.

"చూసినవ్‌రా?"

పోశవ్వ మళ్ళీ కూసుని, చాట ఒళ్ళోకి లాక్కొని ఆకు కత్తిరించింది.

"ఇగ కార్డు మాటెత్తకు."