మా అమ్మను మద్రాసు తీసుకుపోయిన రత్నమ్మ పెద్దమ్మ

నిన్న పొద్దున ఏడింటికి ఉదయగిరి నుంచి ఫోన్. రత్నమ్మ పెద్దమ్మ పోయిందట.

తొంభై ఆరేళ్ళ మనిషి. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే.

అయినా పెద్ద షాక్. ఈమె కూడా పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు, అంతే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మాకు బంధువు కాదు. ఉదయగిరి బజారులో చిల్లర కొట్టు సెట్టిగారి భార్య. మేమేమో వరికుంటపాడు వైపు గొర్రెల మనుషులం. పెద్దమ్మ ఎలా అయిందో చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, పాతికేళ్ళ వయసులో, ఆమెకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. అప్పట్లో మా వైపు రాచపుండు అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఒక రొమ్ము తీసేశారు.

తిరిగొచ్చి ఒంట్లో ఓపిక రాగానే కొట్లో కూర్చుంది. బోణీ వేళకు ఆమె కనిపిస్తే జనం పక్క కొట్టుకు పోతున్నారు. అంటుకుంటుందని భయం. బోణీ అయ్యేదాకా లోపలుండమని సెట్టిగారు బతిమాలాడు.

"నాకు జబ్బు చేసినాది. నేనేం దొంగతనం చేయలేదు. ఈడే కూచుంటా" అందట.

ఈ సంగతులేవీ తెలియని మనిషి ఒకామె ఒకరోజు పొద్దున్నే వచ్చి బోణీ చేసింది. మా అమ్మ, చెంచమ్మ.

అడిగింది ఆముదం, పసుపు. గొర్రెకు గడ్డ లేస్తే మావాళ్ళు ఇనుప చువ్వ కాల్చి వాత పెడతారు. కాలిన చోట ఆముదంలో పసుపు కలిపి పూస్తారు. మా వాళ్ళు ఆ రెండూ కలిపి అడిగితే ఎందుకో కొట్టువాళ్ళకు తెలుసు.

ఏ గొర్రెకు అని మామూలుగా అడిగింది పెద్దమ్మ.

"గొర్రెక్కాదు సెట్టెమ్మా. నాకే" అంది అమ్మ.

రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. మంగళవారం మా నాయనే వాత పెట్టబోతున్నాడు.

పెద్దమ్మ కొట్టు అలా వదిలేసి, అమ్మను బస్తాల వెనక్కు తీసుకుపోయి, రవిక విప్పి తన మచ్చ చూపించింది. అమ్మ చాలాసేపు చూసి, సెట్టిగారు ఏమీ అనలేదా అని అడిగిందట.

"అన్నాడు. ఇప్పటికీ అంటా ఉండాడు. బతికుండాను గదా, వింటా ఉండా. నువ్వు మాత్రం వాత పెట్టించుకోబాక."

మర్నాడు బండి కట్టించుకుని మా పల్లెకే వచ్చింది. నాయన మంచివాడే, కాకపోతే మొండి. తాతల నాటి నుంచి గొర్రెలకు చేసేదే చేస్తున్నామన్నాడు.

"పొదుగులో గడ్డకు వాత పెట్టిన గొర్రెను ఒకదాన్ని చూపించబ్బా. చూసి పోతా" అంది పెద్దమ్మ.

నాయన మంద వైపు తిరిగాడు. కాళ్ళకు, మెడకు వాతలున్నవి బోలెడు. పొదుగుకు వాత పెట్టింది మాత్రం ఒక్కటీ బతికిలేదు. ఆయన అమ్మను చీరలు మూట కట్టుకోమన్నాడు.

ఆత్మకూరులో బస్సు మారేటప్పుడు ఎక్కడికమ్మా అని ఎవరో అడిగితే, అమ్మ సిగ్గుపడి పెళ్ళికి అని చెప్పింది. పెద్దమ్మ ఊరుకుంటుందా? రొమ్ములో గడ్డ, ఆపరేషన్‌కు మద్రాసు పోతున్నామని బస్సంతా వినిపించేలా చెప్పింది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

అప్పుడు చేజర్ల ఊరి ఒకామె తన మూట తీసుకుని వచ్చి వీళ్ళ పక్కన కూర్చుంది. ఆమెకూ ఉంది, రెండేళ్ళుగా. ఎవరికీ చెప్పలేదు. నెల్లూరు దాకా ముగ్గురూ అవే మాటలట.

అమ్మ బతికింది.

చేజర్ల ఆమె బతకలేదు. ఆలస్యమైపోయింది. చుట్టాలు కూడా గడప తొక్కని ఆ ఇంటికి పెద్దమ్మ వెళ్ళి, ఆఖరి రోజుల్లో ఆమెకు పుండు కడిగి, ఆ మంచం పక్కనే కూర్చుని అన్నం తినేది. ఆ ఊరి ఆడవాళ్ళు అది చూసే ఒక్కొక్కరూ లోపలికి రావడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత వింజమూరు నుంచి కూడా ఆడవాళ్ళు ఏదో సరుకు కొనే వంకతో ఆమె కొట్టుకు వచ్చేవాళ్ళు. ఎంతమందిని మద్రాసు బస్సెక్కించిందో నాకు తెలియదు.

అమ్మ ఆపరేషన్ తర్వాత రెండేళ్ళకు నేను పుట్టాను. ఒకవైపు పాలే తాగి పెరిగాను. ఏం తక్కువైందో నన్ను చూసిన వాళ్ళే చెప్పండి.

ఇక అసలు సంగతి.

నెల కింద నాకూ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఇంత కథ తెలిసిన దాన్ని, ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను. పిల్లలు కంగారు పడతారని ఒక సాకు. నిజం ఏమిటంటే నాకే భయం.

పది రోజుల కింద ఫోన్ చేసి పెద్దమ్మ ఒక్కదానికే చెప్పాను. ఇంకెవరికి చెప్పావని అడిగింది. నీకే అన్నాను.

"నాకు చెప్తే ఏముండాదే? నేను రేపో మాపో పోయేదాన్ని. ఇంట్లో చెప్పు" అని కోప్పడి ఫోన్ పెట్టేసింది.

ఆమెతో అదే ఆఖరి మాట.

నిన్న ఉదయగిరిలో అన్నీ అయిపోయాక కారులో నెల్లూరుకు తిరిగొస్తూ, ఆత్మకూరు దాటాక, నా కొడుక్కూ కోడలికీ చెప్పాను. వాడు కారు పక్కకు ఆపాడు. కోడలు అక్కడి నుంచే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. సోమవారం బయాప్సీ.

భయంగానే ఉంది. అయినా పోతున్నాను. ఇది చదివే ఆడవాళ్ళలో ఎవరైనా నాలాగే నోరు మూసుకుని ఉంటే నాకు ఫోన్ చేయండి. కలిసి పోదాం.

పెద్దమ్మా, ఇంట్లో చెప్పాను. ఇక నువ్వు నిశ్చింతగా పడుకో.