రెండో నంబరు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక మీరు నమ్మాలని కూడా అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది జగ్గయ్యపేట. రెండేళ్ల క్రితం డెంగీ జ్వరంతో మా అక్క పోయింది. నాకోసం కథలు పైకి చదివి, తన పాత ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టేది. ఆమె గొంతు మాకు అందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకో చోట కాపీ చేసి పెట్టాలని నాకు తట్టలేదు.

మొన్న వేసవిలో దాని ఛార్జరు పాడైంది. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని బాబాయి ఛార్జరు పెట్టాను. వోల్టేజి చూడలేదు. సన్నగా కాలిన వాసన వచ్చింది, తెర ఆరిపోయింది. మా ఊళ్లో రిపేరు షాపతను హార్డ్ డిస్కు తీసి, నా ఎదురుగానే వేరే ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. తిరగలేదు. డిస్కు నా చేతిలో పెట్టి, కొత్తది కొనుక్కోమన్నాడు.

నందిగామలో సలీం గారని ఒకాయన పాడైన డిస్కులు బాగుచేస్తారని తెలిసి ఫోన్ చేశాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని చదివాను.

"డిస్కు మీద స్టిక్కరుంటుంది చూడమ్మా. దాని మీది మోడల్ నంబరు రాసుకుని రా," అన్నారు.

ఆ మధ్యాహ్నం డైరీలో రాసుకున్నాను. ఒక్క నంబరే రాసినట్టు నాకు గుర్తు.

మర్నాడు పదకొండింటికి ఆయన షాపులో ఉన్నాను. డైరీ తెరిచి చూపించాను.

"మొదటిది స్టిక్కరు మీదది. రెండోది ఎక్కడిదమ్మా?"

చూశాను. మోడల్ నంబరు కింద ఇంకో నంబరుంది. నా రాతే, నా నీలం పెన్నే.

"అదీ డిస్కు మీదదే అయ్యుంటుందండి."

ఆయన డిస్కును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇక్కడెక్కడా లేదే."

డిస్కు అడుగున చిన్న పచ్చ బోర్డు ఉంటుంది. కాలింది అదేనని, లోపలున్నవి క్షేమంగానే ఉండొచ్చని ఆయన చెప్పారు. అలాంటి బోర్డే ఇంకోటి వెయ్యాలి. మోడల్ ఒకటే అయినా బోర్డులు వేరువేరుగా వస్తాయట, అందుకే బోర్డు నంబరు చివరి అంకె దాకా కలవాలట. ఆ నంబరేమో బోర్డు లోపలి వైపు, డిస్కుకి ఆనుకుని ఉంటుంది. నక్షత్రం గుంట ఉన్న స్క్రూలు విప్పితే తప్ప కనిపించదు. అలాంటి స్క్రూడ్రైవరు మా ఇంట్లో లేదు. స్క్రూల మీద ఒక్క గీత కూడా లేదని ఆయనే అన్నారు.

విప్పి బోర్డు తిరగేశారు. అక్కడి నంబరు, డైరీలోని రెండో నంబరుతో అంకె వెంట అంకె కలుస్తూ వచ్చింది. చివరి మూడంకెలు ఉండాల్సిన చోట మాత్రం కాలి నల్లబడిపోయింది.

సలీం గారు బోర్డు పక్కన డైరీ పెట్టి మళ్లీ ఒకసారి సరిచూశారు.

"ముందే ఎవరి దగ్గరో విప్పించావు కదా? చెప్పమ్మా, నేనేం అనుకోను."

"లేదండి. అమ్మ మీద ఒట్టు."

"ఒట్లెందుకులే. విప్పినా కాలింది కాలినట్టే ఉండేది. ఆ మూడు నీకెలా కనపడ్డాయనేదే నాకర్థం కావట్లా."

ఆయన డబ్బాలో పనికొచ్చేలా ఉన్న బోర్డులు రెండే. ముందు అంకెలు రెంటికీ ఒకటే. ఒకదాని చివర 417, ఇంకోదాని చివర 602. తప్పు బోర్డు వేస్తే డిస్కు లోపల కూడా దెబ్బతినొచ్చు.

"ఏది వెయ్యమంటావ్? నీ డిస్కు, నువ్వే చెప్పాలి."

డైరీలో 417 ఉంది. దాని మీద వేలు పెట్టాను.

ఆయన పాత బోర్డు మీద ఈ డిస్కు వివరాలుండే చిన్న చిప్పు ఊడదీసి 417 బోర్డుకి అతికించి, బిగించారు. డిస్కు తిరిగింది. ఫైళ్లు కనిపించాయి. ఒకటి నొక్కారు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య, మా అక్క "వింటున్నావా, నిద్రపోయావా?" అని అడిగింది. నేను స్టూలు గట్టిగా పట్టుకున్నాను.

విన్నవాళ్లు తలో మాటా చెప్పారు. ఎప్పుడో చూసుంటావు, మనసులో ఉండిపోయుంటుంది అన్నారు. ఫ్యాక్టరీలో బిగించాక ఆ బోర్డు లోపలి వైపు వెలుతురు చూసింది సలీం గారి బల్ల మీదే. నేనెప్పుడు చూస్తాను? అక్కే రాయించిందని అమ్మ నమ్మకం. నాకైతే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. రాత నాది. రాసిన జ్ఞాపకం లేదు.

అమ్మ ఇప్పుడు రోజూ ఆ కథలు వింటుంది. నేను డైరీ మానలేదు. కాకపోతే రాయడం అయ్యాక లైన్లు లెక్కపెట్టుకుంటాను. పొద్దున లేచి మళ్లీ లెక్కపెడతాను.