లార్డ్ పెండిల్‌ని చూడని మనిషి

పద్నాలుగో పేజీ దగ్గర క్లిఫర్డ్ హాస్లమ్ చదవడం ఆపేశాడు. మెడ దగ్గర్నుంచి చెవులదాకా ఎర్రబడిపోయాడు.

ఆవిరి రైలుబండ్లు ఆగిపోయి యాభై ఏళ్ళయిన సందర్భంగా బోల్టన్‌లో వాళ్ళ రైలు ఇంజన్ల అభిమానుల సంఘం వేసిన జ్ఞాపకాల పుస్తకం అది. ఆ పేజీ రాసింది చిన్ననాటి నుంచీ స్నేహితుడైన గోర్డన్ రిగ్బీ. 'క్లఫ్‌సైడ్ ఇంజన్ షెడ్డులో నేనూ క్లిఫర్డూ పక్కపక్కన నిలబడి లార్డ్ పెండిల్‌ని కళ్ళారా చూశాం' అని రాశాడు.

క్లిఫర్డ్ చూడలేదు.

లార్డ్ పెండిల్ అన్నది రైలు ఇంజను పేరు; ఆ రకంలో మొత్తం డెబ్భై ఇంజన్లు. నంబర్ల పుస్తకంలో అరవై తొమ్మిదింటి కింద అతను ఎర్రసిరాతో గీతలు గీశాడు; మిగిలింది లార్డ్ పెండిల్ ఒక్కటే. కంటితో చూసి నంబరు చదివితేనే గీత. బట్టల మిల్లులో నలభై ఏళ్ళు మగ్గాలు బాగుచేసినా, అతను ఎవరో తెలియాలంటే ఆ పుస్తకమే చూడాలి. పెళ్ళినాడు చర్చి నుంచి వస్తుంటే వంతెన కింద విహారయాత్రలకి నడిపే పాత ఆవిరి ఇంజను ఒకటి వెళ్ళింది. పొగ కమ్మేసి నంబరు కనబడలేదు.

"చప్పుడు విన్నావుగా, గీసెయ్యి," అంది పెళ్ళికూతురు ఎడ్నా.

"వినడం చూడడం కాదు."

"నిన్ను నేను పూర్తిగా చూసే చేసుకున్నానా?"

అయినా గీయలేదు.

క్లఫ్‌సైడ్‌కి ఆ ఆదివారం అనుమతి చీటీ లేకుండా వెళ్ళారు. ఇద్దరికీ పదిహేనేళ్ళు. ఒకడు గేటు దగ్గర కాపలా కాస్తే ఇంకొకడు లోపలికి వెళ్ళాలి, తర్వాత మారాలి. నాణెం ఎగరేస్తే గోర్డన్‌కి ముందు వెళ్ళే వంతు పడింది. అతను లోపలుండగానే ఫోర్‌మన్ వచ్చి క్లిఫర్డ్ చెవి పట్టుకుని రోడ్డుదాకా ఈడ్చి, చెంప పగలగొట్టాడు. కాసేపటికి బొగ్గుగుట్ట వైపునుంచి గోడ దూకి వచ్చిన గోర్డన్, "ఉందిరా! మూడో లైన్లో!" అన్నాడు. రెండు నెలలకి లార్డ్ పెండిల్‌ని తుక్కుకింద కోసేశారు.

జ్ఞాపకాల పుస్తకం చదివిన ఆ మధ్యాహ్నమే క్లిఫర్డ్ సంఘం గదికి వెళ్ళాడు. గోర్డన్ మాంసం కూరిన రొట్టె కోస్తున్నాడు. కార్యదర్శి మ్యూరియల్ కొత్త పుస్తకాలు దొంతర పెడుతోంది.

"నీ పక్కన నేనెక్కడున్నాన్రా? గేటు దగ్గర చెవి మెలిపెట్టించుకుంటున్నాను!"

"అరవై ఏడేళ్ళొచ్చాయి, ఆ ఒక్కటీ నీకూ ఉండనీ అని రాశాను. ఎవడడుగుతాడ్రా?"

"నేనడుగుతాను. నా పుస్తకంలో ఒక్క దొంగగీత లేదు. నాకు ముష్టి వేస్తావా?"

"నూట యాభై కాపీలు అచ్చయిపోయాయి, క్లిఫర్డ్," అంది మ్యూరియల్. "ఒక్క మాట కోసం..."

"మాట కాదమ్మా, ఇంజను!"

జేబులోంచి పెన్ను తీసి మొదటి కాపీలో తన పేరు కొట్టేశాడు. రెండోది తెరిచేసరికి గోర్డన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కొడితే అంతా కొట్టెయ్యి. ఆ రోజు మూడో లైను ఖాళీగా ఉందిరా."

"ఏంటీ?"

"అక్కడ ఇంజను లేదు. నేను బయటికి వచ్చేసరికి నీ చెంప వాచిపోయుంది. ఊరికే తన్నులు తిన్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

క్లిఫర్డ్ చెయ్యి విడిపించుకున్నాడు. "యాభై రెండేళ్ళు నీ నంబర్ల పుస్తకంలో ఆ గీత చూసి కుళ్ళి చచ్చాను కదరా! నీ జాలి తగలెయ్య! తన్నులు మర్నాటికి తగ్గిపోయాయి. ఇది తగ్గిందా?"

గోర్డన్ రొట్టె పళ్ళెం పక్కకి నెట్టి పెన్ను తీశాడు.

క్లిఫర్డ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దొంతరలో సగం తీసి గోర్డన్ ముందుకు తోశాడు. ఇద్దరూ పేరా మొత్తం కొట్టేయడం మొదలుపెట్టారు. గోర్డన్ గీత వంకరపోయినప్పుడల్లా క్లిఫర్డ్ ఆ కాపీని అతని మొహానికేసి విసిరాడు.

"స్కేలు పెట్టి కొట్టరా, దొంగవెధవా."