మంగళవారం మసి

మా బావ ఒక సముద్రపు ఊళ్లో వేడినీటి ఊట దగ్గర టిక్కెట్లు చింపుతాడు. ఎప్పటివో తెలియని రాతి స్తంభాలు, వాటి మధ్య స్నానాల గుండం. "మూడు మునకలు వేశారంటే మోకాళ్లు పరుగెడతాయండీ!" అని ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. తను మాత్రం మెట్టు మెట్టుకీ "అమ్మా" అంటాడు. ఇదేమిటి బావా అంటే, "ఉద్యోగులు దిగకూడదని రూలోయ్" అంటాడు.

మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన మా అక్క, మంగళవారం ఆడవాళ్ల వంతులో మునిగి మునిగి ఇప్పుడు బజారు దాకా నడుస్తోంది. అది చూసే నేనూ నా మోకాలిని వెంటేసుకుని వెళ్లాను. ఒట్టు, అయిదో రోజుకి సముద్రం దాకా గెంతుతూ వెళ్లొచ్చాను. నాలాంటి సందేహాలరాయుడికే నమ్మకం కుదిరిందంటే చూడండి!

ఆరో రోజు పొద్దున్నే వెళితే కూలిన గోడ వెనక పొగ కనిపించింది. తొంగి చూద్దును కదా, మా బావ! ఒళ్లంతా మసితో బాయిలర్‌లోకి కట్టెలు తోస్తున్నాడు.

"ఊట చల్లారి పదకొండేళ్లయింది" అన్నాడు నా మొహం చూసి. "మేనేజరుకీ నాకూ మాత్రమే తెలుసు."

"ఇంత మోసమా బావా!"

"నీ మోకాలు తగ్గిందా లేదా?"

తగ్గిన మాట నిజమే. ఆ క్షణం నుంచే మళ్లీ సలపడం మొదలుపెట్టింది, దిక్కుమాలింది.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను తిట్టు, పడతాను. మీ అక్కకి మాత్రం చెప్పకు. ఆ నీళ్ల మీద నమ్మకంతోనే నడుస్తోంది. తెలిసిందా, మళ్లీ మంచమెక్కుతుంది." నా కోపం కాస్తా జాలయిపోయింది. సరేనన్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క పెరట్లో బావ నిన్నటి చొక్కా ఉతుకుతోంది.

"ఏంరా, మళ్లీ కుంటుతున్నావ్? బాయిలర్ చూశావా?"

"బాయిలరా? ఏ బాయిలరు?" అన్నాను.

"టిక్కెట్లు చింపేవాడి చొక్కాకి ఇంత మసి ఎక్కడిదిరా? పదకొండేళ్లుగా ఉతుకుతున్నాను." సబ్బు రుద్దుతూ నవ్వింది. "మంగళవారం మసి రెండింతలు. నాకోసం ఎక్కువ కట్టెలేస్తాడు, పిచ్చి మనిషి. నాకు తెలుసని ఆయనతో అనకు. కుంగిపోతాడు."

మర్నాడు మళ్లీ గుండానికి వెళ్లాను. బావ నా మొహంలోకి చూడకుండా టిక్కెట్టు చింపి, "మూడు మునకలు" అన్నాడు.

నేను నాలుగు వేశాను.