అవ్వ మళ్లీ నాటిన మొగలిపొదలు

మొన్న సూళ్లూరుపేట స్టేషన్‌లో చెన్నై బండి కోసం నిలబడి ఉంటే, పక్కనుంచి వెళ్లిన ఒకామె జడలోని మొగలిరేకు వాసన తగిలి, ఎక్కాల్సిన బండి సంగతే మరిచిపోయాను.

మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున, ఇసుక మీద కట్టుకున్న ఊరు. నా చిన్నతనంలో ఇళ్లకూ నీళ్లకూ మధ్య మొగలిపొదలు గోడలాగా ఉండేవి. పూత కాలంలో ఆ వాసన అన్నం తింటున్నా, బడిలో ఎక్కాలు చదువుతున్నా వెంటే ఉండేది. చవితి ఉండ్రాళ్లు, మడవ చేపల పులుసు, ఆరేసిన వలలు, అన్నిటి వాసనలోనూ కలిసిపోయేది. ముళ్లు తీసేసిన ఆకులతో పంకాలు చేసి, సరస్సు గాలికి ఎదురుగా పరుగెత్తేవాళ్లం. మా నాన్న తల్లిని మేము అవ్వ అనేవాళ్లం. ఆమె పూరేకులను చీరల మడతల్లో దాచేది, ఆకులు ఎండబెట్టి చాపలు అల్లేది.

ఒక ఏడాది మా చిన్నాన్నను ఆ పొదల దగ్గరే పాము కరిచింది. నెల్లూరు ఆసుపత్రిలో బతికి బయటపడ్డాడు గాని కుడికాలు ఈడ్చి నడిచేవాడు. అవ్వ అక్కడ కొడుకు మంచం పక్కన ఉన్న ఆ రోజుల్లోనే, భయపడిన ఊరివాళ్లు పొదలన్నీ కొట్టి తగలబెట్టారు.

ఎండాకాలం వచ్చేసరికి అడ్డులేని గాలి ఇసుకను తెచ్చి వాకిళ్లలో పోసింది. అన్నంలో ఇసుక, పక్కల్లో ఇసుక, మంచినీళ్ల బావి సగం పూడిపోయింది. వానలకు ముందు అవ్వ పడవెక్కి అవతలి దిబ్బకు పోయి, మంచి వాసన పూలు పూసే పొదలను ఏరి, ఊడలు దిగిన కొమ్మలు నరికి తెచ్చింది. ఒడ్డున నాటబోతుంటే ఊరిపెద్ద వచ్చి అడ్డుపడ్డాడు.

"కొడుకుని పాము కరిచినా బుద్ధి రాలేదా అత్తా? మళ్లా నాటతా ఉండావే."

"కరిచింది పాము. మొగిలేం చేసినాది?" అంది అవ్వ. "బావి పూడిపోతే పిల్లోళ్లకి నీళ్లు యాడనించి తెస్తావు నాయనా? ఇళ్లకి ఎడంగానే నాటతాలే."

ఆయన ఒప్పుకోలేదు. మాట పెరుగుతుండగా చిన్నాన్న గడ్డపార భుజాన వేసుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"యాడ తవ్వమంటావు మా?" అన్నాడు.

అవ్వ చెంగుతో కళ్లు ఒత్తుకుని చోటు చూపించింది. పెద్దాయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున ఆయన భార్య నీళ్ల బిందెతో వచ్చింది.

పిల్లలమంతా నీళ్లు మోశాం. కొన్ని ఎండిపోతే మళ్లీ నాటాం. ఏళ్లు గడిచాక వచ్చిన మొదటి పూవు, చిన్నాన్న పెళ్లిలో చిన్నమ్మ జడకెక్కింది.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ చాపలు అల్లేవాళ్లూ లేరు. ఒడ్డు చాలావరకు రొయ్యల గుంటల కింద పోయింది, మొగలి ఎక్కడో గాని కనిపించడం లేదు. మిగిలిన కొద్ది పొదల నుంచి కొమ్మలు తెచ్చి ఈ ఏడు వానలకు ఊరంతా కలిసి ఒడ్డు పొడవునా నాటాం. నిన్న పోయి చూస్తే చాలావాటికి కొత్త ఆకు మొలిచింది. పూత రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది గాని, ఏ పొద ఎవరిదో పిల్లలు అప్పుడే పంచేసుకున్నారు.