మల్లయ్య రివాల్వర్‌కి నేను కుట్టిన ఒర

నిజాయితీగా డ్యూటీ చేసుకునే మనిషి ఉద్యోగానికి ఒక్క కెటిల్ వేడినీళ్ళతో ఎసరు పెట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఈ విద్యలో నాకున్నంత అనుభవం హైదరాబాదులో ఇంకెవరికీ లేదు.

తొంభైల చివర్లో మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన ఆఫీసులో నేను ప్రోగ్రామర్‌ని. ఇంటర్నెట్‌లో చూసి ఒక తోలు పర్సు కుట్టాను. దాని మూత పడేది కాదు. అయినా సిగ్గుపడకుండా ఆఫీసంతా తిప్పి చూపించాను. నా పనితనాన్ని నమ్మింది మాత్రం గేటు దగ్గరుండే గన్‌మన్ మల్లయ్య ఒక్కడే. మిలిటరీ నుంచి వచ్చినవాడు కదా, పైఅధికారి చెప్పింది నమ్మడం అలవాటు.

"సారు, నా రివాల్వర్ ఒర చినిగింది. సోమవారం మా ఆఫీసర్ చెకింగ్‌కొస్తడు. ఒర మంచిగ లేకుంటే ఇగ డ్యూటీకి రావద్దన్నడు."

"ఆదివారం సాయంత్రానికల్లా మీ నడుముకుంటుందండీ," అన్నాను. పాపం, ఆ మాట అక్షరాలా నిజమైంది.

నానక్‌రామ్‌గూడ మలుపులో చెప్పులు కుట్టే నర్సయ్య దగ్గర తంగేడు బెరడుతో పదును చేసిన తోలు తెచ్చాను. ఆయన ఊరికే ఇవ్వలేదు, జాగ్రత్తలు కూడా చెప్పాడు. "గోరువెచ్చని నీళ్ళల్ల ముంచుండ్రి సారు. మెత్తగైనంక రివాల్వర్ పెట్టి వేళ్ళతోని ఒత్తుండ్రి. రూపం నిలవంగనే తియ్యుండ్రి. రెండ్రోజులు నీడకు ఆరాలె. వేడి తగిల్తే ముడుసుకపోతది."

రెండు రోజులట. ప్రపంచానికి వేగం నేర్పడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ వాళ్ళం, రెండు రోజులు ఆగుతామా?

ఆదివారం ఆఫీసులోనే కుట్టు పూర్తిచేసి, టీ కెటిల్‌లో మరిగిన నీళ్ళు ఒర మీద పోశాను. మల్లయ్య తూటాలు తీసి జేబులో వేసుకుని, రివాల్వర్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి లోపల పెట్టాడు. ఇద్దరం దాన్ని సర్వర్ల గదికి తీసుకెళ్ళి, మెషిన్ల వెనక వేడిగాలి కొట్టేచోట పెట్టాం.

"నర్సయ్య నీడకన్నడు గద సారు?"

"ఇక్కడ ఎండ ఎక్కడుందండీ? ఇదీ నీడే."

"మరి రివాల్వర్ తీద్దామా?"

"ఉండనివ్వండి. రూపం ఇంకా బాగా వస్తుంది."

నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రానికి ఒర ఆరింది. వేలితో కొడితే టకటకమంది. మల్లయ్య లాగాడు, నేను లాగాను, ఇద్దరం కలిసి లాగాం. రివాల్వర్ రాలేదు.

"కొత్తది కదండీ, వాడగా వాడగా వదులవుతుంది," అన్నాను. ఆయన అదీ నమ్మాడు.

సోమవారం పొద్దున ఆఫీసర్ ఒర చూసి మెచ్చుకున్నాడు. "బయటికి తియ్," అన్నాడు.

మల్లయ్య లాగాడు. రివాల్వర్‌తోపాటు బెల్టు, బెల్టుతోపాటు ప్యాంటు ఛాతీ దాకా వచ్చాయి.

"ఏందది?"

"జర టైట్ ఉన్నది సార్."

మళ్ళీ లాగాడు. ఈసారి మడమలు కూడా లేచాయి.

"దొంగ వస్తే ఏం జేస్తవయ్యా?"

అద్దాల తలుపు వెనక దాక్కున్న నావైపు మల్లయ్య ఒకసారి చూశాడు. నా పేరు చెబితే ఆయన బయటపడతాడు. చెప్పలేదు. అటెన్షన్‌లో నిలబడి అన్నాడు.

"జర ఆగమంటా సార్."

ఆఫీసర్ నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని కూర్చున్నాడు. లేచాక వారం గడువిచ్చి, అందాకా లాఠీతో నెట్టుకురమ్మన్నాడు. నర్సయ్య కత్తితో నా కళాఖండాన్ని చీల్చి రివాల్వర్‌ను విడిపించాడు. కొత్త ఒర నీడలో ఆరబెట్టి ఇచ్చాడు. మల్లయ్య ఉద్యోగం నిలిచింది, అందులో నా ప్రతిభ ఏమీ లేదు.

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. కంఠంలో ప్రాణం ఉండగా తోలు తడపను. ఇప్పటికీ మేముండే నల్లగండ్లలో వాన మొదలైతే తోలు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని నడుస్తాను. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. మల్లయ్య మాత్రం ఆనాడు కూడా నన్ను చూసి నవ్వలేదు.