మిక్సీ మూత మీద చెయ్యి

మా సారు పోయారన్న వార్త నా ఫోన్‌కి పొద్దున్నే వచ్చింది. నాకు చేరింది మాత్రం సాయంత్రం. మేం పనిచేసే చోట ఫోన్‌ని గుమ్మం దగ్గరి లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. కిటికీలు లేని ఆ బిల్డింగ్‌లో నేను మామూలుగా కాఫీ తాగుతూ, మీటింగుల్లో కూర్చుంటూ, ఎవరి జోకుకో నవ్వుతూ ఉన్నంతసేపూ సారు భార్య, మా ఆంటీ, ఫోన్ చేస్తూనే ఉన్నారు. సాయంత్రం లాకర్ తెరిచి ఆ మిస్డ్ కాల్స్ చూసి, పార్కింగ్ లాట్‌లో నిలబడే తిరిగి చేశాను. "నిద్రలోనే పోయారమ్మా. హార్ట్ అన్నారు," అన్నారు ఆంటీ. మొదటి రోజు ఆ లాకర్ ఎలా వాడాలో నాకు చూపించింది సారే. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది.

సారు అంటే బడిలో పాఠాలు చెప్పినవారు కాదు. నా మొదటి ఉద్యోగంలో పని నేర్పిన పెద్దాయన. చిన్నప్పుడే అమ్మానాన్నలతో మిషిగన్ వచ్చి ట్రాయ్‌లో పెరిగినదాన్ని. అయినా తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆఫీసంతా పేరుతో పిలుస్తుంటే నేనొక్కదాన్నే "సర్" అనేదాన్ని. అది విని అమెరికన్ కొలీగ్స్ ఆయన ఒకప్పుడు ఇండియాలో ఆర్మీ ఆఫీసరేమో అనుకున్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఏ విషయంలోనైనా ఆయన పద్ధతి అదే.

మేం చేసేది గొట్టాలు తిరిగే ఫిరంగి. యుద్ధ విమానాల్లో పెడతారు, ఉక్కు కవచం ఉన్న మిలటరీ బండ్ల మీదా బిగిస్తారు. ఒకే గొట్టం ఆగకుండా పేలిస్తే కాలిపోతుంది. అందుకని గొట్టాల్ని గుత్తిగా కట్టి, మోటారుతో తిప్పుతూ వంతులవారీగా పేలుస్తారు. విడివిడిగా చప్పుళ్లు వినిపించవు, పెద్ద గుడ్డని బర్రున చింపినట్టు ఒకటే మోత. దానికి గుళ్లు అందించే భాగం సారుది. డ్రమ్ములోంచి గుళ్లు వెళ్లాలి, పేలాక ఖాళీ తొడుగులు మళ్లీ డ్రమ్ములోకే రావాలి. గాల్లో వదిలేస్తే అవి విమానానికే తగలొచ్చు. "మన దగ్గర ఖాళీ అయిపోయినవాటికి కూడా విడుదల లేదమ్మా," అనేవారు సారు. అని, తనే నవ్వేవారు. ఆ నవ్వు నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఆయన నేర్పిన మొదటి పాఠం పేల్చడం గురించి కాదు, ఆపడం గురించి. ట్రిగ్గర్ వదిలినా గొట్టాలు టక్కున ఆగవు. కాస్త తిరుగుతాయి. లోపలికి పోయి పేలని గుళ్లు కొన్ని ఉంటాయి. కాలుతున్న లోహంలో వాటిని వదిలేస్తే వాటంతట అవే పేలొచ్చు. కొన్ని రకాల గన్‌లు అందుకే ఆఖర్న వెనక్కి తిరిగి వాటిని బయటికి తెచ్చుకుంటాయి. టెస్ట్ అయిపోయిందని నేను ఒకసారి గన్ వైపు రెండడుగులు వేశాను. సారు నా జబ్బ పట్టుకుని ఆపారు. "ఆగిందనుకోవడం వేరు, ఆగడం వేరు," అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

మిలటరీ బండికి గన్ బిగించినప్పుడల్లా ఆయన లోపల మనిషి కూర్చునే సీట్లో తనూ కూర్చుని చూసేవారు. అది ఆయన పనిలో భాగం కాదు. మోకాళ్లు గడ్డానికి తగిలేంత ఇరుకు. ఓసారి బయటికి రాలేక ఇరుక్కుపోతే నేనూ ఇంకో కొలీగూ చెరో చెయ్యి పట్టి లాగాం. చొక్కా దులుపుకుంటూ, "ఇందులో కూర్చున్నవాడు ఎక్కడికీ పారిపోలేడమ్మా. అటువైపు ఉన్నవాడి సంగతి మనకి తెలిసిందేగా," అన్నారు. ఆ మాటని ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఓ దసరాకి మా మేనేజర్ ఆయుధ పూజ గురించి ఎక్కడో చదివి తెగ సంబరపడిపోయాడు. నిమ్మకాయలు, కుంకుమ ఇండియన్ స్టోర్‌లో తనే కొనుక్కొచ్చి, టీమ్‌ని పోగేసి, గన్‌కి పూజ చేయమని సారుని అడిగాడు. ప్రేమతోనే అడిగాడు పాపం. ఇంట్లో కారుకి ఏటా బొట్టు పెట్టే సారు, దీనికి పెట్టలేరు. పెట్టనంటే, ఈ దేశంలో పుట్టని మనిషి ఈ దేశపు ఆయుధానికి మొక్కనన్నాడని ఎవరు ఎక్కడ రాసుకుంటారో అని భయం. అందరూ చూస్తున్నారు. ఆయన కుంకుమ వేలికి తీసుకుని, గన్ గొట్టాల్ని దాటి వెళ్లి, ఎర్ర రిబ్బన్ వేలాడే సేఫ్టీ పిన్నుకి బొట్టు పెట్టారు. అది గుచ్చి ఉన్నంతసేపూ గన్ పేలదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ మా టీమ్‌లో దసరాకి పిన్నుకే బొట్టు పెడతారు. హిందూ ఆచారమే అదనుకుంటారు. నేను సరిదిద్దను.

బయటపడాలని ఆయన ప్రయత్నించకపోలేదు. ట్రాయ్‌లో ఒక కార్ల కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లారు. మీరు సాధించిన అతి కష్టమైన పని ఏమిటో చెప్పమని అడిగారట. "బయట చెప్పుకోకూడని పనాయె, నీళ్లు తాగానమ్మా. మళ్లీ పోశారు, మళ్లీ తాగాను. థాంక్స్ చెప్పి వచ్చేశాను." ఇది ఆయన తమాషాగానే చెప్పారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇంకెక్కడికీ అప్లై చేయలేదు.

ఇంట్లో ఆయన ఉద్యోగం పేరు 'మోటార్లు'. ఇంటింటా కార్ల ఇంజనీర్లే ఉండే ఊళ్లో ఆ ఒక్క మాటతో ఎవరి ప్రశ్నలైనా ఆగిపోతాయి. కానీ చెవులు దాగవు కదా. ఏళ్ల తరబడి ఆ మోత విని ఆయనకి సన్నని శబ్దాలు వినిపించడం మానేశాయి. నేను భోజనానికి వెళ్లినప్పుడు ఆంటీ పచ్చడి చేసేవారు. మిక్సీ ఆపగానే సారు ఎక్కడున్నా వచ్చి మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. చెవుల మీద నమ్మకం పోయి చేతిని నమ్ముకున్న మనిషి. కాసేపటికి, "ఆగింది. ఇప్పుడు తియ్యి," అనేవారు.

"మీ సారుతో ఎక్కడైనా వేగుతాను గానీ, ఈ మిక్సీ దగ్గర వేగలేనమ్మా," అని ఆంటీ విసుక్కునేవారు. ఆ చెయ్యి అక్కడ ఎందుకుందో నాకు తెలుసు. ఆవిడకి తెలియదు.

సంతాప సభలో తలా ఒక మాట చెప్పాక, ఆఫీసు తరఫున నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని, "చాలా గొప్ప ఇంజనీర్. చాలా ఓపిగ్గా నేర్పేవారు," అని కూర్చున్నాను. సారు ఇంటర్వ్యూలో తాగిన నీళ్లు అప్పుడు నాకు అర్థమయ్యాయి. అందరూ వెళ్లాక ఆంటీ నన్ను పక్కకి పిలిచారు.

"నన్ను చూసి చెప్పు. ఇన్నేళ్లు ఆయన చేసిందేమిటి? పక్కన పడుకున్న మనిషి తెలియకుండానే పోయాడే! ఇప్పుడైనా చెప్పకూడదా?"

రూల్స్ ఏమిటో నాకు తెలుసు. కొలతలు, డ్రాయింగులు, టెస్టుల ఫలితాలు చెప్పకూడదు. అలాంటి గన్ ఒకటి ఉందనీ, తన పని దాని మీదనీ భార్యకి చెప్పుకోవడం తప్పేమీ కాదు. కానీ ఆ రెంటి మధ్య గీత సరిగ్గా ఎక్కడుందో అడగడానికి కూడా ఆయన భయపడ్డారు. అడిగితేనే అనుమానిస్తారనుకున్నారు. అందుకని గీతకి చాలా ఇవతలే ఆగిపోయి, అక్కడే జీవితమంతా ఉండిపోయారు. ఆయన్ని అక్కడ బంధించింది ఎవరో కాదు, ఆయనే. ఇది తలుచుకుంటే నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తుంది.

ఆ శనివారం ఆంటీని విమానాల మ్యూజియంకి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. మేం చేసేదానికి తాతలాంటి పాత గన్ ఒకటి అక్కడ స్టాండ్ మీద ఉంది. చేత్తో తిప్పి చూడొచ్చు. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని పక్కనున్న బోర్డు మొత్తం చదివారు. ఎలా తిరుగుతుందో, ఎలా పేలుతుందో, ట్రిగ్గర్ వదిలినా ఎందుకు వెంటనే ఆగదో, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి.

"ఇంత పెద్ద బోర్డు పెట్టారే! ఇందులో దాచడానికేముంది?"

ఆవిడ బోర్డు వదిలి గన్ వైపు తిరిగారు.

"ఆయన చేసింది ఇందులో ఏది?"

"అది ఇక్కడ లేదు ఆంటీ. గుళ్లు అందించేది. ఇదిగో, ఈ ఖాళీలో తగిలిస్తారు."

ఆవిడ ఆ ఖాళీలోకి వంగి చూశారు. "ఇలాంటివాటితో... పోయినవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు ఆంటీ."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. రోజూ తెలుసు."

ఇంక చెప్పడానికి నాకు అనుమతి ఉన్నది ఏమీ మిగల్లేదు. అందుకని గొట్టాల్ని చేత్తో ఒకసారి గట్టిగా తిప్పాను. బరువుగా, టకటకమంటూ తిరిగాయి. వాటిని నిలపడానికి నేను చెయ్యి చాచబోతే ఆంటీ నా జబ్బ పట్టుకుని ఆపారు. గొట్టాలు నెమ్మదించాయి, ఇంకాస్త కదిలాయి, నిలిచాయి. అప్పుడు ఆవిడ ముందుకు జరిగి, వాటి మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"ఆగింది," అన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.